అట్టపెట్టె మీది పేరు
(ప్రపంచ రేడియో దినోత్సవం నాడు ఒక పట్టణ గ్రంథాలయంలో విశ్రాంత అనౌన్సర్ చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

అధ్యక్షులవారి పేరు, గ్రంథాలయాధికారి పేరు, ముందు వరుసలో కూర్చున్న పెద్దల పేర్లు ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. పదకొండు పేర్లున్నాయి. పేర్లు చదివి జీతం తీసుకున్నవాణ్ణి, తడబడకుండా చదవగలను. కానీ నాకిచ్చిన సమయం ఇరవై నిమిషాలు. అందులో రెండు నిమిషాలు ఇప్పటికే దండలకూ శాలువాకూ ఖర్చయ్యాయి. కనుక అందరికీ కలిపి ఒకే నమస్కారం. ఎవరూ ఏమీ అనుకోవద్దు.

బాబూ, ఆ మైకు కాస్త వెనక్కి జరపండి. నోటికీ మైకుకూ మధ్య జానెడు దూరం ఉండాలి. నోట్లో పెట్టుకుని మాట్లాడితే 'ప' అన్నప్పుడల్లా టపాసు పేలినట్టు ఉంటుంది. ఆ, అక్కడ చాలు. ఉద్యోగం వదిలి ఇన్నేళ్లయినా మైకు కనిపిస్తే ముందు దాన్ని సర్దుతాను. మా మనవరాలి పెళ్లిలో పురోహితుడి మైకు కూడా సర్దాను. ఆయన కోప్పడ్డారు.

ఈ రోజు ఎందుకో తెలుసా? 1946 ఫిబ్రవరి 13న ఐక్యరాజ్యసమితి తన సొంత రేడియో మొదలుపెట్టింది. దాని గుర్తుగా యునెస్కో 2011లో ఈ తేదీని రేడియో దినోత్సవంగా ప్రకటించింది. అంతకు మించి ఈ తేదీకీ మనకూ సంబంధం లేదు. కానీ ఏదో ఒక వంక దొరికితే తప్ప రేడియో మనిషిని వేదిక ఎక్కించరు. అందుకని ఆ వంకకు కృతజ్ఞతలు.

నాకిచ్చిన అంశం 'రేడియో: నిన్న, నేడు, రేపు'. రేపు సంగతి నాకు తెలియదు, అది వదిలేస్తున్నాను. నేడు సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు, ఆటోల్లో తిరుగుతారు కనుక. నిన్న గురించి చెబుతాను. అందులోనూ ఒక్క ముక్క చెప్పాలని వచ్చాను. అది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది కనుక మొదట కాస్త చరిత్ర చెప్పి, మెల్లగా అక్కడికి వస్తాను.

రేడియో స్టేషన్ అంటే ఒక భవనం, ఒక స్తంభం, ఒక యజమాని అనుకుంటాం. భవనమూ స్తంభమూ ఉన్నచోటే ఉంటాయి. యజమాని మాత్రం మారుతూ ఉంటాడు. మనకు దగ్గరి ఉదాహరణ మద్రాసు. 1924లో కొందరు ఔత్సాహికులు మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టుకున్నారు. ప్రభుత్వం కాదు, కంపెనీ కాదు, క్లబ్బు. చీట్లపేక ఆడుకునేవారికి క్లబ్బు ఉన్నట్టే వీరికీ ఒకటి. ఆ ఏడాది జూలై 31న ప్రసారం మొదలైంది. మూడేళ్లు నడిపారు. 1927లో డబ్బులు అయిపోయాయి. ట్రాన్స్‌మిటర్‌ను మద్రాసు కార్పొరేషన్‌కు ఇచ్చేశారు. 1930 ఏప్రిల్ 1 నుంచి ఆ కార్పొరేషన్ రేడియో నడిపింది. అవును, చెత్త ఎత్తించి, కుళాయిల్లో నీళ్లు వదిలే కార్పొరేషనే. సాయంత్రం పూట సంగీతం ప్రసారం చేసేది. ఇంట్లో రేడియో లేనివారు సముద్రపు ఒడ్డున లౌడ్‌స్పీకర్ల కింద కూర్చుని వినేవారు. నాకు ఈ సంగతి ఎప్పుడు తలచుకున్నా ముచ్చటేస్తుంది. ఇంటి పన్ను కట్టినవాడికి కచేరీ కూడా వినిపించిన మునిసిపాలిటీ ఇంకెక్కడైనా ఉందా? ఆ తర్వాత 1938 జూన్ 16న అక్కడ ఆలిండియా రేడియో స్టేషన్ వచ్చింది. క్లబ్బు, కార్పొరేషన్, ఆ తర్వాత సర్కారు. పద్నాలుగేళ్లలో ఒకే ఊరి ఆకాశానికి ముగ్గురు యజమానులు.

ఉత్తరాదిన నడిచిన కథ కూడా ఇలాంటిదే. 1927 జూలై 23న బొంబాయిలో ఒక ప్రైవేటు కంపెనీ ప్రసారాలు మొదలుపెట్టింది. మరుసటి నెలలో కలకత్తాలో కూడా. మూడేళ్లు తిరగకుండానే దివాలా. 1930లో సర్కారు ఆ రెండు స్టేషన్లనూ నెత్తిన వేసుకుంది. 1936 జూన్ 8న ఆలిండియా రేడియో అని పేరు పెట్టుకుంది. ప్రైవేటువాళ్లు రేడియో నడపడం ఏదో ఈమధ్య వచ్చిన వింత అనుకునేవారికి చెబుతున్నాను. మొదట వచ్చింది ప్రైవేటువాళ్లే, మొదట మునిగిందీ వాళ్లే.

ఇక హైదరాబాదు. 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వపు రేడియో మొదలైంది. దక్కన్ రేడియో. 200 వాట్ల ట్రాన్స్‌మిటర్. ఇప్పుడు మీ ఇళ్లలో ఇస్త్రీపెట్టెకు అంతకు అయిదు రెట్లు కరెంటు కావాలి. ఉర్దూదే పైచేయి. తెలుగుకు, మరాఠీకి, కన్నడానికి తలా కాస్త వాటా. 1948 సెప్టెంబరు 17న, తన సైన్యం పోరు ఆపిన రోజున, నిజాం ప్రభువు రేడియోలోనే ప్రజలతో మాట్లాడాడు. రాజ్యం చేజారుతున్న సంగతి సొంత రేడియోలో సొంత నోటితో చెప్పుకోవలసి రావడం ఎలా ఉంటుందో నేను ఊహించలేను. నేను మాత్రం, అనౌన్సర్‌ను కనుక, ఆయన పక్కన నిలబడి, శబ్దం పెంచే మీట అయిన ఫేడర్ పైకి జరిపిన ఉద్యోగి గురించే ఆలోచిస్తాను. ఆ సాయంత్రం లాగ్ బుక్కులో అతను ఏమి రాసి ఉంటాడు? ప్రసంగం ఇన్ని గంటలకు మొదలు, ఇన్ని గంటలకు ముగింపు, అంతరాయం లేదు. అంతే రాస్తాం మేము. రాజ్యం పోయినా లాగ్ బుక్కులో 'అంతరాయం లేదు' అనే రాస్తాం.

1950 ఏప్రిల్ 1న ఆ స్టేషన్ భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. అప్పటికి విజయవాడ స్టేషన్ వచ్చి ఏడాది దాటింది. అది మొదలైంది 1948 డిసెంబరు 1న. మీలో తెల్లజుట్టున్నవారు చెప్పండి, 837 అంటే ఏమిటి? చూశారా, ఎన్ని గొంతులు లేచాయో! విజయవాడ కిలోహెర్ట్జ్. 738 అంటే? హైదరాబాదు. అదే అంకెలు అటూ ఇటూ. 738, 837. సొంత ఫోను నంబరు గుర్తులేనివారికి కూడా ఇవి గుర్తుంటాయి. సూదిని ఆ అంకె దగ్గరికి తిప్పితే ముందు గరగర, తర్వాత ఈల, ఆ తర్వాత మనిషి గొంతు.

ఇక్కడ ఒక్క నిమిషం పక్కదారి పడతాను. రేడియోకు లైసెన్సు ఉండేదని పిల్లలకు చెబితే నవ్వుతారు. తుపాకీకి ఉన్నట్టే రేడియోకూ ఉండేది. చిన్న పుస్తకం. ఏటా పోస్టాఫీసుకు వెళ్లి డబ్బు కడితే అందులో స్టాంపు అంటించి ముద్ర వేసేవారు. మా నాన్నగారు ఇంటి పట్టా, నా జాతకం, రేడియో లైసెన్సు ఒకే సంచిలో దాచారు. ఆ పుస్తకం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. ముద్రలన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. మేము ఎప్పుడెప్పుడు ఎంత కట్టామో ప్రతి పైసకూ సాక్ష్యం ఉంది. ఆ డబ్బుతో ఏమి విన్నామో, దానికి మాత్రం సాక్ష్యం లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

యజమాని మారితేనే కాదు, యజమాని మనసు మారినా స్టేషన్ మారుతుంది. 1940లో హార్మోనియాన్ని రేడియో నుంచి వెలివేశారు. మన గమకాలు, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరు, దానిలో పలకవని కారణం. దాదాపు ముప్పై ఏళ్లపాటు ఆ పెట్టె స్టూడియో గడప తొక్కలేదు. మన నాటకాల వాళ్లకు హార్మోనియం లేకపోతే పద్యం నోట రాదు. ఎంత అవస్థ పడి ఉంటారో ఆలోచించండి. ఆ తర్వాత 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రిగా కేస్కర్ వచ్చారు. సినిమా పాట వినిపిస్తే దేశం చెడిపోతుందని ఆయన నమ్మకం. రేడియోలో సినిమా పాటలు బందు. జనం ఏమి చేశారు? సూదిని రేడియో సిలోన్ వైపు తిప్పుకున్నారు. మన సినిమా పాట మనం వినడానికి సముద్రం అవతలి స్టేషన్ కావలసి వచ్చింది. అయిదేళ్లు చూసి, 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలుపెట్టారు. మరో పదేళ్లకు, 1967లో, అందులోకి వ్యాపార ప్రకటనలు వచ్చాయి. దేశాన్ని చెడగొడుతుందన్న పాటే చివరికి ఖజానా నింపింది.

ఇదంతా నవ్వుకుంటూ చెప్పాను, మీరూ నవ్వారు. ఇక నా సంగతికి వస్తాను.

నేను పనిచేసిన స్టేషన్ ఏదో చెప్పను. ఇక్కడున్నవారికి తెలుసు, తెలియనివారికి అవసరం లేదు. చిన్న స్టేషన్. మనిషి గొంతు యాభై అరవై కిలోమీటర్లు వెళుతుంది, ఆ తర్వాత పొలాల్లో కలిసిపోతుంది. ఎనభైల చివర నేను చేరినప్పుడు మాకు చెప్పిన మాట ఒక్కటే. పట్నం గొంతు పల్లెకు వినిపించడానికి పెద్ద స్టేషన్లున్నాయి, మీ పని పల్లె గొంతు పల్లెకు వినిపించడం. ఆ రోజుల్లో దేశమంతటా అలాంటి ఆలోచనే ఉండేది. 1984లో నాగర్‌కోయిల్‌లో మొదటి స్థానిక రేడియో కేంద్రం వచ్చింది. తర్వాత మన వైపు ఆదిలాబాదు, కొత్తగూడెం, వరంగల్లు, అనంతపురం, ఇలా ఒక్కొక్కటే వచ్చాయి. బస్సులో టేపురికార్డరు ఒళ్లో పెట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్లం. దాన్ని పోర్టబుల్ అనేవారు కానీ, భుజానికి తగిలించుకుంటే సాయంత్రానికి ఆ భుజం నాది కాదనిపించేది.

అలా ఒకసారి ఒక ఊరు వెళ్లాం. బస్సు దిగి నాలుగు కిలోమీటర్లు నడక. అక్కడ ఒక ముసలమ్మ దంపుడు పాటలు పాడుతుందని ఎవరో చెప్పారు. వెళితే ఆమె ఎండలో చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. పాడమ్మా అంటే, ఏమి పాడను, గుర్తులేదు పో అంది. మూడుసార్లు బతిమాలాను. మా ఇంజనీరు మిత్రుడు మిషను సర్దేసుకుంటున్నాడు. అప్పుడు ఆమె అంది కదా, "రోకలి చేతిలో లేకుండా పాట ఎట్లా వస్తుంది నాయనా, నోటికి తెలియదు, చేతికి తెలుసు" అని.

ఆ ఊరికి రైసుమిల్లు వచ్చి చాలా ఏళ్లయింది. రోలు పెరట్లో ఉంది, అందులో కోడి పడుకుంది. రోకలి లేదు. నాలుగిళ్లు తిరిగి ఒక రోకలి తెచ్చాం. కింద ఇనుప పొన్ను ఊడిపోయి ఉంది. సరే, దంచమ్మా అంటే, ఖాళీ రోలు దంచకూడదు అంది. ఒక ఇంటివాళ్లు చాటెడు వడ్లు పోశారు. అప్పుడు లేచి నిలబడింది. చీర కొంగు నడుముకు బిగించింది. నాలుగు పోట్లు ఊరికే వేసింది. అయిదో పోటుకు 'సువ్వి' అంది. అంతే, ఇక పాట వచ్చింది. వచ్చిందంటే, ఆమె పాడినట్టు లేదు, రోట్లోంచి పైకి వచ్చినట్టు ఉంది.

నా అవస్థ వినండి. పోటు పడ్డప్పుడల్లా శబ్దం కొలిచే మీటరులో ముల్లు ఎరుపు దాటి చివర కొట్టుకుంటోంది. మైకు దూరం జరిపితే గొంతు పోతుంది, దగ్గర పెడితే పోటు పగులుతుంది. చివరికి మైకును నా తువ్వాలులో చుట్టి, ఆమె భుజం ఎత్తున పట్టుకుని, రోకలి పైకి లేచినప్పుడు ముందుకు, దిగినప్పుడు వెనక్కి, ఆమెతో పాటు నేనూ ఊగాను. ఊరి పిల్లలు నన్ను చూసి నవ్వారు. అయిదంగుళాల టేపు చక్రం, సెకనుకు ఏడున్నర అంగుళాల వేగం. పదహారు నిమిషాల్లో అయిపోతుంది. అయిపోయింది. ఆగమ్మా, టేపు మార్చాలి అన్నాను. ఆమె ఆగలేదు. పోటు ఆగితే పాట పోతుందట. నేను చక్రం మారుస్తున్న ఆ నిమిషంన్నర పాట ఎక్కడా లేదు. ఆ ఊరి గాలిలో కలిసింది. రెండో చక్రం కూడా నిండింది.

దంచడం ఆపాక చాటలో చూసుకుంది. నూకలు ఎక్కువ పడ్డాయని నొచ్చుకుంది. పాట ఎలా వచ్చిందని మమ్మల్ని అడగలేదు.

స్టేషన్‌కు వచ్చి ఆ ముప్పై నిమిషాల్లోంచి ఆరు నిమిషాలు తీశాం. బ్లేడుతో కోసి, తెల్ల టేపు అంటించి అతికించాం. అప్పట్లో కూర్పంటే నిజంగా చేతిపనే. ప్రసారమైంది. ఏడో ఎనిమిదో ఉత్తరాలు వచ్చాయి. అందులో ఒకరు, ఆ పోటు వింటూ మా అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చి నిలబడింది అని రాశారు.

తర్వాత రెండేళ్లకో మూడేళ్లకో మా స్టేషన్ తీరు మారింది. ఎందుకు మారింది, ఎవరు మార్చారు అన్నది మీకు విసుగు. పైనుంచి కాగితం వచ్చింది. ఇకపై పాటలు పెంచాలి, కంపెనీలు డబ్బిచ్చి చేయించే ప్రాయోజిత కార్యక్రమాలు పెంచాలి, ఆదాయం చూపాలి. దానికి టేపులు కావాలి, కొత్త టేపులు కొనడానికి డబ్బు లేదు. కనుక పాతవి ఖాళీ చేయాలి. శాశ్వతంగా దాచవలసినవి ఓ ఇరవై టేపులు ఎంపిక చేసి జాబితా ఇమ్మన్నారు. ఆ పని నాకు అప్పగించారు.

చాలా ఏళ్లు ఈ కథను నేను ఇంకోలా చెప్పాను. పైవాళ్లు చెరిపించారు అన్నాను. ప్రభుత్వం అన్నాను, వ్యాపారం అన్నాను. సన్మానాలు జరిగినప్పుడల్లా ఈ మాట చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఈ రోజు సరిగ్గా చెబుతాను. జాబితా రాసింది నేను. నా చేతిరాతతోనే. ఆ ఇరవైలో ఏమున్నాయో చెప్పనా? ప్రారంభోత్సవాల ప్రసంగాలు. ఒక పెద్ద విద్వాంసుడు మా స్టూడియోకు వచ్చినప్పుడు మాట్లాడిన ముచ్చట్లు, ఆయన కచేరీలు ఇంకా పది చోట్ల దొరుకుతాయని తెలిసి కూడా. నేను రాసి, నేనే చదివిన ఒక రేడియో రూపకం. అవును, నాది నేను దాచుకున్నాను. ముసలమ్మ టేపులు ఆ జాబితాలో లేవు. పంతొమ్మిదో పేరు దగ్గర ఆమె గుర్తుకొచ్చింది కూడా. మళ్లీ ఎప్పుడైనా వెళ్లి రికార్డు చేద్దాంలే అనుకున్నాను.

టేపు చెరపడం ఎలా ఉంటుందో చూడనివారికి చెబుతాను. బల్క్ ఇరేజరు అని ఒక ఇనుప పెట్టె. లోపల పెద్ద విద్యుదయస్కాంతం. ముందు చేతిగడియారం తీసి దూరంగా పెట్టాలి, లేకపోతే గడియారం చచ్చిపోతుంది. స్విచ్చి వేస్తే తేనెటీగల పట్టులా 'మ్మ్' అని మోగుతుంది. చక్రాన్ని దాని మీద పెట్టి, దోసెపిండి తిప్పినట్టు గుండ్రంగా తిప్పుతూ, మెల్లమెల్లగా దూరం తీయాలి. చటుక్కున తీస్తే శబ్దం పూర్తిగా పోదు, అడుగున గురగుర మిగులుతుంది. నేను మెల్లగానే తీశాను. పని శుభ్రంగా చేస్తానని నాకు పేరు. ఒక్కో చక్రానికి పదిహేను ఇరవై సెకన్లు. ఆ మధ్యాహ్నం రెండువందలకు పైగా చక్రాలు ఖాళీ చేశాను. సాయంత్రం గడియారం మళ్లీ పెట్టుకుని ఇంటికి వెళ్లాను.

ఆమె పేరు నాకు గుర్తులేదు. ఇదే నేను చెప్పడానికి వచ్చిన ముక్క. ఆమె పేరు, ఊరు, వయసు అట్టపెట్టె మీద రాసి ఉన్నాయి. చెరిపాక ఆ పెట్టె మీద తెల్లకాగితం అంటించి, ఏదో సబ్బుల కంపెనీ వారి కార్యక్రమం పేరు రాశాం. ఆ కంపెనీ పేరు నాకు గుర్తుంది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. చూశాను సార్. రేడియోలో అయితే ఈపాటికి ఎర్రలైటు ఆర్పేసేవారు. ఇంకో అయిదు నిమిషాలు.

ఎందుకింత రాద్ధాంతం, ఇప్పుడు కంప్యూటర్ ఉంది కదా, అంతా దాచుకోవచ్చు కదా అంటారు. దాచుకోవచ్చు. దాచేది ఎవరు? 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. క్రికెట్ ప్రసారం గొడవలో వచ్చిన తీర్పు. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అంది. మంచి మాట. 1997లో ఆలిండియా రేడియోనూ దూరదర్శన్‌నూ నడిపే ప్రసార భారతి వచ్చింది. తర్వాత తరంగాలను వేలం వేశారు. మొదటి విడతలో కంపెనీలు పోటీలు పడి పాడేశాయి. కట్టవలసిన రుసుము ఏటా నూటికి పదిహేను చొప్పున పెరిగేది. పాపం, చాలామందికి ఊపిరాడలేదు. 2005లో పద్ధతి మార్చి, ప్రవేశ రుసుము ఒకసారి, ఆపై రాబడిలో నూటికి నాలుగు అన్నారు. అప్పటి నుంచి చూడండి, ఒక స్టేషన్ ఒక గొడుగు కింద నుంచి ఇంకో గొడుగు కిందికి. హైదరాబాదులో 93.5 ఎఫ్ఎం మీద ఒక పేరు పోయి ఇంకో పేరు వచ్చింది. 2001లో బెంగళూరులో దేశంలోనే మొదటి ప్రైవేటు ఎఫ్ఎం‌గా మొదలైన రేడియో సిటీ 2015లో ఒక హిందీ దినపత్రిక సంస్థ చేతికి వెళ్లింది. తప్పని నేను అనడం లేదు. ఇల్లు కొన్నట్టు, పొలం కొన్నట్టు కొంటారు. కానీ పొలం అమ్మితే దస్తావేజులో బావి రాస్తారు, చెట్లు రాస్తారు. స్టేషన్ చేతులు మారినప్పుడు ఆ స్టేషన్ పలికిన మాటలు ఏ కాగితంలో రాస్తున్నారు? వాటికి ధర కట్టేవాడు లేడు. వార్తలు సొంతంగా చెప్పే అనుమతి కూడా ఆ స్టేషన్లకు లేదు కనుక, మిగిలేవి కబుర్లే కదా అంటారేమో. ఇరవై ఏళ్ల కిందటి ఒక ఊరి కబుర్లు ఇవాళ వినాలని ఉండదా మీకు? ఉల్లిపాయల ధర గురించి ఎలా మాట్లాడుకున్నామో, వరదొచ్చిన రాత్రి ఎవరు ఫోను చేసి ఏడ్చారో వినాలని ఉండదా?

ఒక్క చోటు చెబుతాను. జహీరాబాద్ దగ్గర మాచనూరు. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత మహిళా రైతులు, నడిపే సంఘం రేడియో ఉంది. 2008 అక్టోబరు 15న అది గాలిలోకి వచ్చింది. తరంగాలు ప్రజలవని తీర్పు రాసిన జస్టిస్ సావంత్‌గారే దాన్ని ప్రారంభించారు. కానీ నాకు ముఖ్యం ఆ తేదీ కాదు. దానికి ముందు పదేళ్ల పాటు వారికి లైసెన్సు లేదు. స్టూడియో ఉంది, ప్రసారం లేదు. అయినా రికార్డు చేస్తూనే వచ్చారు. విత్తనాల మాటలు, పాటలు, వైద్యం. ఆ టేపులను సంఘం సమావేశాలకు పట్టుకెళ్లి వినిపించుకున్నారు. మాకు పెద్ద ట్రాన్స్‌మిటర్ ఉంది, ఆకాశం ఉంది, జీతాలున్నాయి. వారు టేపును దాచిన పదేళ్లలోనే మేము చెరిపాం. ఆ సంగతి తెలిసిన రోజున నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు మీతో పని. ఇది ప్రసంగం కాదు, విన్నపం. మీ ఇళ్లలో పాత కాసెట్టులుంటాయి. అటక మీద, బీరువా అడుగున, ఇనుప ట్రంకులో. రేడియో పక్కన టేపురికార్డరు పెట్టి పాటలు పట్టుకున్నవి. మధ్యలో మా మాటలు కూడా పడ్డాయని అప్పట్లో మమ్మల్ని తిట్టుకున్నారు, తెలుసు. అనౌన్సర్ నోరు మూసుకుంటే పాట మొత్తం వచ్చేది కదా అని. అయ్యా, ఆ కాసెట్టులు పారేయకండి. మేము దాచలేదు, మీరు తెలియకుండానే దాచారు.

నా మాట వట్టిది కాదు. పోయిన ఏడాది ఒక శ్రోత, టైలరు, నా గొంతు గుర్తుపట్టి దుకాణంలోకి పిలిచాడు. అరవై నిమిషాల కాసెట్టు ఒకటి ఇచ్చాడు. మా స్టేషన్ నుంచి పట్టుకున్న సినిమా పాటలు. ఇంటికి తెచ్చి పెట్టాను. పాటలు, పాటల మధ్య ప్రకటనలు, ఎక్కడో వాళ్ల ఇంట్లో కుక్కర్ ఈల. మొదటి వైపు చివరికి వచ్చేసరికి పాట అయిపోయింది, నా గొంతు వచ్చింది. చిన్న వయసు గొంతు, బడాయిగా ఉంది. "ఇప్పుడు జానపద గేయాల కార్యక్రమంలో దంపుడు పాటలు వింటారు. పాడినవారు శ్రీమతి" అని ఉంది. అక్కడ టేపు అయిపోయింది.

కథ కోసం అల్లానని అనుకుంటారని కాసెట్టు జేబులో పెట్టుకు వచ్చాను. ఇదిగో. ఆ టైలరు మిగతా సగాన్ని ఇంకో కాసెట్టులో పట్టుకుని ఉంటాడేమోనని అడిగాను. దంపుడు పాటలు ఎవరు పట్టుకుంటారు సార్, రేడియో కట్టేసి ఉంటాను అన్నాడు. అతన్ని ఏమనను? నేను అతనికన్నా బాగా ఏమి చేశాను?

గ్రంథాలయాధికారిగారిని అడిగాను, ఒప్పుకున్నారు. రేపటి నుంచి పత్రికల గదిలో కిటికీ పక్క బల్ల మీద ఒక టేపురికార్డరు, ఒక కంప్యూటర్ ఉంటాయి. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు నేను ఉంటాను. మీ కాసెట్టు తెండి. విని, కంప్యూటర్‌లోకి ఎక్కించి, మీ కాసెట్టు మీకు ఇచ్చేస్తాను. బూజు పట్టినవైనా పరవాలేదు, లోపలి టేపు చిక్కుపడినా పరవాలేదు, పెన్సిలు పెట్టి తిప్పుతాను. తెచ్చేటప్పుడు పైన మీ పేరు, మీ ఊరు, ఎప్పుడు పట్టుకున్నారో రాసి తెండి. పేరు మాత్రం మరిచిపోకండి. చెరగని సిరాతో రాయండి.